రెండు మానిటర్లలో రంగులు ఒకేలా కనిపించాలంటే

ఫొటోని ఒక స్క్రీన్ నుంచి ఇంకో స్క్రీన్‌కి లాగగానే మొహాలన్నీ ఎర్రగా అయిపోతున్నాయా? ముందు ప్రొఫైల్స్ (ఏ మానిటర్ రంగుల్ని ఎలా చూపిస్తుందో సిస్టమ్‌కి చెప్పే ఐసీసీ ఫైల్స్) చూడండి. ఏ మానిటర్‌కి ఆ మానిటర్ ప్రొఫైలే ఉండాలి, రెండూ ఒకే మోడల్ కదా అని ఒకదాని ఐసీసీ ఫైల్ ఇంకోదానికి పెట్టేయొద్దు, ప్యానెల్‌కీ ప్యానెల్‌కీ తేడా ఉంటుంది.

దానికన్నా ముందు మానిటర్ మెనూలో పని ఉంది. ఆన్ చేసి ఒక అరగంట వేడెక్కనివ్వండి, డైనమిక్ కాంట్రాస్ట్, ఆటో బ్రైట్‌నెస్, విండోస్‌లో నైట్ లైట్ అన్నీ ఆపేయండి, రెండింటికీ వైట్ పాయింట్ (తెలుపు ఏ ఛాయలో ఉండాలనేది) 6500 కెల్విన్, గామా (నలుపుకీ తెలుపుకీ మధ్య ఛాయల వెలుగు తీరు) 2.2 పెట్టి బ్రైట్‌నెస్ కూడా సమానంగా తెండి. కాలిబ్రేటర్ (స్క్రీన్ రంగుల్ని కొలిచే పరికరం) ఉంటే బ్రైట్‌నెస్‌ని 120 నిట్స్ (వెలుగు కొలత) దగ్గర ఆపి, ఒక్కోదానికీ విడిగా ప్రొఫైల్ చేసుకోండి. ఒకసారి ప్రొఫైల్ చేశాక మళ్లీ ఆ మెనూలో మోడ్ మార్చారంటే ఆ ప్రొఫైల్ ఇక పనికిరాదు, ఇది చాలామంది పట్టించుకోరు.

విండోస్‌లో స్టార్ట్‌లో కలర్ మేనేజ్‌మెంట్ అని వెతికి తెరవండి. డివైసెస్ ట్యాబ్‌లో ఐడెంటిఫై మానిటర్స్ నొక్కితే ఏది 1 ఏది 2 అనేది స్క్రీన్ల మీదే కనిపిస్తుంది, లిస్ట్‌లో మానిటర్ ఎంచుకుని 'యూజ్ మై సెట్టింగ్స్ ఫర్ దిస్ డివైస్' టిక్ పెట్టి, యాడ్ కొట్టి ఫైల్ ఇచ్చి, దాన్నే డిఫాల్ట్ చేయండి, తర్వాత రెండో మానిటర్‌కి కూడా ఇదే. మ్యాక్‌లో అయితే సిస్టమ్ సెట్టింగ్స్, డిస్‌ప్లేస్‌లో ఒక్కో స్క్రీన్‌కీ కలర్ ప్రొఫైల్ ఉంటుంది. అయ్యాక ఫొటోషాప్ లాంటివి మూసి మళ్లీ తెరవండి.

ఇంత చేసినా విండోస్ వాల్‌పేపర్, కొన్ని యాప్స్ ప్రొఫైల్‌లోని రంగుల లెక్కని పట్టించుకోవు, అందుకే వైడ్ గాముట్ (మామూలు కన్నా ఎక్కువ రంగులు చూపించే) మానిటర్‌లో వాటి రంగులు మరీ గాఢంగా కనిపిస్తాయి. అది ఇబ్బందిగా ఉంటే మానిటర్‌ని మెనూలో ఎస్‌ఆర్‌జీబీ (మామూలు స్క్రీన్ల రంగుల ప్రమాణం) మోడ్‌లో పెట్టి, ఆ మోడ్‌లోనే ప్రొఫైల్ చేయండి.

ఇంకోటి, స్క్రీన్ వెనకాల వెలిగే బ్యాక్‌లైట్లు వేరే రకాలైతే కాలిబ్రేటర్ అంకెలు కలిసినా తెలుపు మాత్రం కంటికి తేడాగానే ఉంటుంది. అప్పుడు రెండింట్లో ఖాళీ తెల్ల పేజీ తెరిచి, పక్కపక్కన చూస్తూ రెండో మానిటర్ మెనూలో ఆర్‌జీబీ గెయిన్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా పెంచే, తగ్గించే సెట్టింగ్) కొద్దికొద్దిగా కదపండి, కంటికి కలిసిన చోట ఆపి దానికి మళ్లీ ప్రొఫైల్ చేయండి. ఫైనల్ కలర్ మాత్రం ఎప్పుడూ ఒకే స్క్రీన్‌లో, మీ దగ్గరున్న మంచి దాంట్లో చూసుకోండి, రెండోది ఎడిటింగ్ యాప్ టూల్ ప్యానెల్స్‌కి వదిలేయండి.