డబ్బు కట్టే ముందు పది నిమిషాలు
తిరుపతిలో మా తమ్ముడి సిగరెట్లు మాన్పించడానికి ఆన్‌లైన్ కౌన్సెలర్ కోసం వెతికితే, చాలామంది కౌన్సెలర్ల ప్రొఫైళ్లలో ‘మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్’ (మారాలన్న కోరికను మన నోటితోనే చెప్పించే కౌన్సెలింగ్ పద్ధతి) అని ఉంది. రెండుచోట్ల డబ్బు కట్టాక దొరికింది ఉపన్యాసమే.

అందుకే ముందుగా పది నిమిషాలు ఫోనులో మాట్లాడమని అడగండి. “మానాలని ఉంది, కానీ భోజనం కాగానే చెయ్యి దానికే వెళ్తోంది” అని ఒక్క వాక్యం చెప్పి ఆగండి. ఆ పద్ధతి నిజంగా వచ్చినవారు మన మాటలోని భావాన్నే తిరిగి చెప్పి, ఎందుకు మానాలనుకుంటున్నామో మనచేతే చెప్పిస్తారు. సలహా ఇచ్చే ముందు మన అనుమతి అడుగుతారు. ఊపిరితిత్తుల గురించి భయపెట్టడం మొదలుపెడితే వేరొకరిని చూసుకోండి. క్లినికల్ సైకాలజిస్టు అయితే, వారిని నమోదు చేసే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చిన నమోదు సంఖ్య కూడా అడగండి.

మానాల్సింది మద్యమైతే, రోజూ ఎక్కువగా తాగేవారికి ఈ కౌన్సెలింగ్ ఒక్కటే చాలదు. ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ రావచ్చు; ముందు తిరుపతిలోని రుయా వంటి ఆసుపత్రిలో డాక్టరును కలవాలి.