ఆసుపత్రిలో తెలుగు బోర్డు: వత్తు తెగకుండా రాయించడం ఎలా?

కడపలో ఒక ఆసుపత్రిలో ‘స్త్రీల వార్డు’ బోర్డు చూశాను. ‘స్త్రీ’ కింద క్రావడి ఫ్రేములో ఇరుక్కుని సగమే మిగిలింది. పక్కన ఇంగ్లీషు మాత్రం దర్జాగా ఉంది. ఇలాంటివి చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నా.

టేపు, చార్టు పేపర్లు, యూనికోడ్ ఫాంట్లున్న కంప్యూటర్ చాలు. పెద్ద అక్షరాలకు రామభద్ర, చిన్నవాటికి మండలి. పెళ్లికార్డుల మెలికల ఫాంట్లు గోడ మీద వద్దు, అంతే.

ముందు కొత్త రోగిలా లోపలంతా నడవండి. ‘యాడికి పోవాల?’ అని ఎక్కడ అడగాలనిపిస్తే అక్కడ బోర్డు.

అసలు చిక్కు ఎత్తు దగ్గర. 10 అడుగుల దూరానికి అంగుళం అక్షరం అన్నది బోర్డులవాళ్ల పాత లెక్క. 30 అడుగుల వరండాకు 3 అంగుళాలు. కానీ ఏది 3 అంగుళాలు? చాలామంది గుడి పైనుంచి వత్తు కిందిదాకా కొలుస్తారు. అప్పుడు అసలు అక్షరం సగానికి కుంచించుకుపోతుంది. అక్షరం ఒళ్లు ఒక్కటే కొలవండి. గుడికి పైన, వత్తుకు కింద వేరే చోటివ్వండి. ఒళ్లు 3 అంగుళాలైతే బోర్డు 9 అంగుళాలకు తగ్గడానికి నేనొప్పుకోను.

రెండు వరుసలైతే ఇంకా జాగ్రత్త. పైన ‘రిజిస్ట్రేషన్’, కింద ‘ఫీజు’ పెడితే పై వత్తులూ కింది గుడీ గుద్దుకుంటాయి. మధ్యలో ఒక ఒళ్లంత ఖాళీ ఉండాల్సిందే. చోటు చాలదా? అక్షరాన్ని నొక్కకండి, మాట మార్చండి. ‘పేరు నమోదు’ అంటే ఒక్క వత్తూ లేదు.

స్క్రీను మీద చూసి ఓకే చెప్పొద్దు. అసలు సైజులో ప్రింటు తీసి గోడకంటించి, 30 అడుగుల దూరం నుంచి ఎవరైనా పెద్దాయన చేత చదివించండి. తడబడితే మళ్లీ మొదలు. వినైల్ స్టిక్కరు కోతకైతే అక్షరం, వత్తు కలిసేచోట వెల్డ్ చేయించండి, అంటే కంప్యూటర్లో రెండింటినీ ఒకే ఆకారంగా కలిపించండి, లేకుంటే మిషను ఆ గీత వెంబడే కోసేస్తుంది.

నన్నడిగితే ఫ్లెక్సు కన్నా కడప నాపరాయే మేలు. నల్లరాయి చెక్కి తెల్లరంగు నింపితే ఏళ్ల తరబడి ఉంటుంది. 6వ శతాబ్దపు కలమళ్ల శాసనం మా జిల్లాదే, రాతి మీద తెలుగు మాకు కొత్తా? పాలిష్ మాత్రం వద్దు, ట్యూబులైటు మెరుపులో అక్షరం కనబడదు. పొరలు లేచే రాయి కాబట్టి అక్షరానికీ వత్తుకూ మధ్య సందు సన్నగా ఉంటే పెచ్చు ఊడుతుంది.

బిగించేది తలుపు పక్క గోడకు, 5 అడుగుల ఎత్తున. రెక్కకు కొడితే, తలుపు తెరిచినంతసేపూ బోర్డు గోడవైపు తిరిగి ఉంటుంది.