ఔషధ స్ఫటికీకరణ – 4వ పాఠం: సీడ్ ఎప్పుడు వేయాలి, ఎంత వేయాలి

కిందటి పాఠంలో ద్రావణీయత రేఖను, అంటే ఏ ఉష్ణోగ్రత వద్ద ఎంత పదార్థం కరుగుతుందో చూపే రేఖను, గీయడం నేర్చుకున్నాం. ద్రావణం చల్లబడి ఆ రేఖను దాటినంత మాత్రాన స్ఫటికాలు పుట్టవు. మరికొన్ని డిగ్రీలు దిగితే గాని అది మసకబారదు. ఆ మధ్య ఖాళీనే మెటాస్టేబుల్ జోన్ అంటారు. సీడ్, అంటే పెరగడానికి ఆధారంగా వేసే అదే పదార్థపు చిన్న స్ఫటికాలు, వేయవలసింది అక్కడే.

ద్రావణం 63 డిగ్రీల సెల్సియస్ వద్ద సంతృప్తమై, నెమ్మదిగా చల్లార్చినప్పుడు 52 డిగ్రీల వద్ద తనంతట తానే మసకబారిందనుకుందాం. అప్పుడు సీడ్‌ను 60 డిగ్రీల వద్ద వేయడం మంచిది. 63కు పైన వేస్తే అది కరిగిపోతుంది. 52కు చేరువయ్యాక వేస్తే సన్నని కొత్త కణాలు విపరీతంగా పుట్టి ఫిల్టర్ గుడ్డను మూసేస్తాయి. ఫ్లాస్కులో కొలిచిన జోన్ పెద్ద రియాక్టర్‌లో సాధారణంగా కుంచించుకుపోతుంది కనుక దాని అంచు వరకు వెళ్లకూడదు.

ఎంత వేయాలన్నది సులువైన లెక్కే. కొత్త స్ఫటికాలేవీ పుట్టకుండా, వేసినవే పెరుగుతాయనుకుంటే బరువు పరిమాణపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 50 మైక్రాన్ల సీడ్ 200 మైక్రాన్లు కావాలంటే పరిమాణం 4 రెట్లు, బరువు 64 రెట్లు. అంటే 64 కిలోల ఉత్పత్తికి 1 కిలో సీడ్ కావాలి. దానిని పొడిగా చల్లకుండా, అది కరగని ద్రవంలో కలిపి స్లర్రీగా (పలుచని ముద్దలా) పోస్తే ఉండకట్టదు. తరువాత కొంతసేపు ఉష్ణోగ్రతను కదపకుండా ఉంచి, సైట్ గ్లాస్ (రియాక్టర్‌కున్న గాజు కిటికీ) గుండా లైటు వేసి చూడండి: కణాలు విడివిడిగా మెరుస్తూ తిరుగుతుంటే సరే, ద్రావణమంతా పాలలా తెల్లబడితే కొత్త కణాలు పుట్టినట్లే.

ఇక చల్లార్చడం. మొదట్లో స్ఫటికాల ఉపరితలం తక్కువ కనుక అవి ఎక్కువ పదార్థాన్ని తీసుకోలేవు. అందుచేత 60 నుంచి 20 డిగ్రీలకు 4 గంటల్లో దించాలంటే, గడిచిన కాలపు భిన్నాన్ని ఘనం చేసి 40తో గుణించి, వచ్చినన్ని డిగ్రీలు 60 నుంచి తీసేయండి: మొదటి గంటలో ఒక డిగ్రీ కూడా తగ్గదు, రెండో గంట చివరికి 55, మూడో గంటకు సుమారు 43, నాలుగో గంటకు 20. షిఫ్టు ముగిసే వేళ బ్రైన్ (చల్లార్చే ఉప్పునీరు) వాల్వు పూర్తిగా తెరవాలనిపించడం సహజమే కాని, అలా మిగిల్చిన సమయమంతా సన్నని కణాల వల్ల సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి ద్రవాన్ని వేరుచేసే యంత్రం) దగ్గర ఖర్చవుతుంది.

ఒకే పదార్థపు అణువులు వేర్వేరు అమరికల్లో స్ఫటికాలు కావచ్చు; సీడ్ వాటిలో ఏ స్ఫటిక రూపంలో ఉందన్నది అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. హెచ్‌ఐవీ మందు రిటోనవిర్‌ను అబాట్ సంస్థ 1996లో అమెరికా మార్కెట్‌లోకి తెచ్చింది. 1998లో, అంతవరకు ఎవరికీ తెలియని, మరింత స్థిరమైన, తక్కువగా కరిగే రెండో రూపం బయటపడింది. గుళికలు కరుగుదల పరీక్షలో విఫలమై, మార్కెట్ నుంచి వెనక్కి రావలసి వచ్చింది. అలాంటి రూపం లేశమాత్రం చేరినా సీడ్‌గా పనిచేస్తుంది కాబట్టి, ప్రతి సీడ్ లాట్‌నూ ఎక్స్‌రే పౌడర్ డిఫ్రాక్షన్‌తో (స్ఫటిక రూపాన్ని గుర్తించే ఎక్స్‌రే పద్ధతి) పరీక్షించాకే రియాక్టర్ దగ్గరకు పంపాలి.

అభ్యాసం: 50 మైక్రాన్ల సీడ్‌తో 150 మైక్రాన్ల స్ఫటికాలు 54 కిలోలు కావాలి. సీడ్ బరువు లెక్కించి, పై ఉష్ణోగ్రతలకే 6 గంటల చల్లార్పు పట్టిక వేయండి. జవాబుతో పాటు యాంటీ సాల్వెంట్ పద్ధతి (పదార్థం కరగని మరో ద్రవం కలిపి స్ఫటికాలు తెప్పించడం) వచ్చే పాఠంలో.