పిన్ గన్ మొరాయిస్తే: గాలి ఎక్కడ కారుతోందో ముందు వినండి

ఇంటీరియర్ పనికి వెళ్లే వడ్రంగి సంచిలో ఇప్పుడు సుత్తి కంటే ముందు చేతికి తగిలేది గాలితో పిన్నులు, అంటే సన్నని మేకులు కొట్టే పిన్ గన్ను. బీడింగులకు, వార్డ్‌రోబు వెనక ప్లైకి, డ్రాయర్లకు ఎక్కువగా వాడేది ఎఫ్-30 రకం. ఆ 30 అంటే 30 మిల్లీమీటర్ల పొడవు పిన్ను దాకా కొడుతుందని. నేను రాసేది దాని గురించే. గోడకు కొట్టే ఎస్‌టీ-64లో, ప్యాలెట్లు చేసేవాళ్ల కాయిల్ గన్నులో సైజులు మారతాయి గానీ లోపలి పద్ధతి దాదాపు ఇదే.

గన్ను పనిచేయకపోతే మనవాళ్లు మొదట చేసే పని ఎల్-కీ తీసి మూత విప్పడం. నేనూ చాలాకాలం అదే చేశాను. విప్పాక ఏ ఓరింగు (గాలి కారకుండా ఆపే రబ్బరు ఉంగరం) ఎక్కడిదో మర్చిపోయి, మిగిలిన వాషరు చేతిలో పట్టుకుని కూర్చున్న రోజులున్నాయి. తర్వాత తెలిసింది, గన్ను తన జబ్బు తనే చెబుతుందని. ఎక్కడినుంచి 'సుయ్' మంటోంది, ఎప్పుడు అంటోంది అన్నది వింటే సగం రిపేరు అయినట్టే.

లోపల జరిగేది

కంప్రెసరు పైపు తగిలించగానే హ్యాండిలు నిండా గాలి చేరుతుంది. అందులో కొంత ట్రిగ్గర్ వాల్వు దాటి మూత కిందకి వెళ్లి, హెడ్ వాల్వును సిలిండర్ నోటి మీద అదిమి పట్టుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే ఆ పైగాలి బయటికి పోతుంది, హెడ్ వాల్వు లేస్తుంది, హ్యాండిల్లోని గాలి ఒక్కసారిగా పిస్టన్ నెత్తిన పడుతుంది. పిస్టన్‌కు ఉన్న బ్లేడు పిన్నును చెక్కలోకి తోస్తుంది. పిస్టన్ దిగేటప్పుడు కొంత గాలి సిలిండర్ చుట్టూ ఉన్న గదిలో నిలవుంటుంది. ట్రిగ్గర్ వదలగానే పిస్టన్‌ను తిరిగి పైకి నెట్టేది ఆ గాలే. బ్లేడు వెనక్కి రావడంలేదని లోపల స్ప్రింగు కోసం వెతికినవాళ్లను చూశాను. పిస్టన్‌ను పైకి లేపే స్ప్రింగు అందులో ఉండదు.

చెయ్యి పెట్టే ముందు పైపు ఊడదీయండి, మ్యాగజైన్ (పిన్నుల పట్టీ పెట్టే గాడి) ఖాళీ చేయండి. ఇక్కడ ఒక తప్పు తరచూ కనిపిస్తుంది. గన్ను వైపు మగ కనెక్టరే ఉండాలి. వాల్వు ఉండే ఆడ కప్లరు గన్నుకే బిగిస్తే, పైపు పీకినా లోపలి గాలి లోపలే ఉండిపోతుంది. ఆ గాలి ఇంకో పిన్ను కొట్టడానికి సరిపోతుంది, అది వేలిలోకైనా సరే. ఎఫ్-30 రకాల్లో చాలావాటికి ముక్కు (పిన్ను బయటికొచ్చే కొన) దగ్గర సేఫ్టీ కూడా ఉండదు, ట్రిగ్గర్ ఒక్కటే.

నొక్కకుండానే గాలి కారుతోంది

ముందు కంప్రెసరుదా, గన్నుదా తేల్చుకోవాలి. ట్యాంకు నింపి మోటారు ఆపేయండి. గన్ను తగిలించి పది నిమిషాలు మీటరు ముల్లు చూడండి, తర్వాత గన్ను తీసేసి మరో పది నిమిషాలు. రెండుసార్లూ ఒకేలా పడిపోతుంటే తప్పు గన్నుది కాదు, పైపు జాయింట్లదో ట్యాంకుదో. సబ్బు నీళ్లు కుంచెతో రాస్తే బుడగలు చోటు చూపిస్తాయి. గన్నును బకెట్లో ముంచి చూసే అలవాటు కొందరికుంది. దానివల్ల కొత్తగా తుప్పు మొదలవుతుంది, అంతే.

వెనక మూతలోంచి, అంటే కొట్టాక గాలి బయటికొచ్చే రంధ్రంలోంచి కారుతుంటే హెడ్ వాల్వు ఓరింగులు అరిగాయి, లేదా వాటి కింద చెక్కపొట్టు ఇరుక్కుంది. అయితే విప్పే ముందు ఒకటి చూడండి. ఖాళీ కంప్రెసరుకు గన్ను తగిలించి మోటారు వేశారా? అలా నెమ్మదిగా ఎక్కే గాలికి హెడ్ వాల్వును అదిమి పట్టే బలం చాలదు, సందులోంచి పోతూనే ఉంటుంది. పైపు తీసి, ట్యాంకులో ఒత్తిడి 5 బార్ దాటాక ఒక్క దెబ్బలో తగిలించండి. వాల్వు కూర్చుని చప్పుడు ఆగిపోతుంది. 'కొత్త గన్నే లీకు' అని తెచ్చినవాళ్లకు నేను ఇదే చేసి ఇచ్చాను.

ట్రిగ్గర్ దగ్గర ఎడతెగకుండా కారుతుంటే ట్రిగ్గర్ వాల్వులోని చిన్న ఓరింగు. నొక్కినప్పుడు మాత్రం ఒక్కసారి 'ఫుస్' మంటే అది జబ్బు కాదు, పైగాలి పోయే దారి అదే. ఈ వాల్వు పాడవడానికి ఓ దొంగ కారణం టెఫ్లాన్ టేపు. కనెక్టరు బిగించేటప్పుడు మర చివరిదాకా టేపు చుడితే, దాని పీలికలు తెగి లోపలికి వెళ్లి వాల్వులో కూర్చుంటాయి. మొదటి రెండు చుట్లు వదిలేసి టేపు వేయాలి.

గన్ను ఊరికే ఉన్నప్పుడు ముక్కులోంచి గాలి వస్తే సిలిండర్ బయట చుట్టూ ఉండే ఓరింగు చూడండి. నొక్కి పట్టుకున్నప్పుడు మాత్రమే ముక్కులోంచి వస్తే పిస్టన్ ఓరింగో, అడుగున ఉండే రబ్బరు బంపరో. మూతకూ బాడీకీ మధ్య సందులోంచి వస్తే చాలాసార్లు బోల్టులు వదులు. నాలుగింటినీ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక మూల పూర్తిగా బిగిస్తే ప్యాకింగు నలిగిపోతుంది.

పిన్ను పూర్తిగా దిగడంలేదు

తల చెక్కపైన మిగిలిపోతోంది, మళ్లీ సుత్తి వెతకాల్సి వస్తోంది. అందరూ చేసేది గాలి పెంచడం. ఎఫ్-30కి మామూలుగా 5 నుంచి 7 బార్ చాలు, అంటే సుమారు 70 నుంచి 100 పీఎస్ఐ. బాడీ మీద రాసిన గరిష్ఠాన్ని దాటితే ఓరింగులు, బంపరు తొందరగా పోతాయి.

మొదట అడగాల్సింది, ఎప్పుడు దిగడంలేదు? మొదటి నాలుగైదు పిన్నులు బాగా దిగి తర్వాతవి తేలుతుంటే గన్ను తప్పు కాదు. ఒత్తిడి సర్దే రెగ్యులేటరు మూసుకుపోయిందో, పైపు నలిగిందో, ట్యాంకు చిన్నదై మోటారు అందుకోలేకపోతోందో. సైటులో మీటరు బోర్డు దగ్గర్నుంచి సన్నని వైరు మూడు గదులు దాటించి కంప్రెసరు నడిపితే వోల్టేజి పడిపోయి మోటారు మూలుగుతుంది. వైరు పొడవు తగ్గించండి, గాలి పైపు పొడవు పెంచండి. మోటారు బతుకుతుంది.

మొదటి పిన్ను నుంచే దిగకపోతే గన్నును చూడాలి. పైపు తీసి, పిన్నులు తీసి, ముక్కులోంచి సన్నని కడ్డీతో బ్లేడును పైకి తోయండి. కొంచెం బిగువుగా జరగాలి. గన్ను తిప్పగానే తనంతట తానే జారిపోతే పిస్టన్ ఓరింగు అరిగింది. అసలు కదలకపోతే ఎండిపోయింది, లేదా పడని ద్రవం తగిలి ఉబ్బింది. ఓరింగు బాగుంటే బ్లేడు కొన చూడండి. అది గుండ్రంగా అరిగితే పిన్ను తలమీద సరిగ్గా పడదు. ఆకురాయితో చదును చేస్తే కొన్నాళ్లు నడుస్తుంది, కానీ పొడవు తగ్గినంత మేర పిన్ను చెక్కపైన తేలుతుంది. మార్చడమే మంచిది.

టేకు, వేప లాంటి గట్టి చెక్కలో పిన్ను వంగి పక్కనుంచి బయటికొస్తే అది రిపేరు సంగతి కాదు. పిన్ను కొన ఉలిలా ఉంటుంది, ముడి తగిలితే దారి మారుస్తుంది. పొట్టి పిన్ను వాడండి, లేదా గన్నును అడ్డంగా తిప్పి పనికిరాని ముక్కమీద రెండు రకాలుగానూ కొట్టి చూడండి. చెక్క పట్టుకున్న చెయ్యి మాత్రం పిన్ను పొడవుకు రెండింతల దూరంలో ఉండాలి.

మరీ లోతుకు దిగి ప్లై పొర చిట్లుతుంటే రెగ్యులేటరును అర బార్ చొప్పున తగ్గించుకుంటూ రండి. చాలా ఎఫ్-30లకు లోతు సర్దే చక్రం ఉండదు, గాలి ఒక్కటే పగ్గం.

ఒకటి కొడుతోంది, ఒకటి మింగుతోంది

చప్పుడు వస్తుంది, పిన్ను రాదు. మ్యాగజైన్లో చెక్కపొట్టు, ఎండిన జిగురు పేరుకుని పిన్నుల పట్టీ జరగడంలేదేమో చూడండి. తడి ఫెవికాల్ మీద కొట్టే అలవాటున్న చోట ముక్కు లోపల తెల్లగా గట్టిపడి ఉంటుంది. పాత టూత్‌బ్రష్‌తో పొడిగా గీకండి. తోసే స్ప్రింగు అలిసిపోయి ఉంటే పట్టీలో చివరి పది పిన్నుల దగ్గరే ఎక్కువ తప్పుతుంది. అది గుర్తు.

రెండూ బాగుంటే బంపరు. అది చితికితే పిస్టన్ పైకి పూర్తిగా వెళ్లదు, బ్లేడు కొన దారికి అడ్డంగా నిలబడి తర్వాతి పిన్నును రానివ్వదు. ముక్కులోంచి నల్లటి రబ్బరు తునకలు రాలుతుంటే ఇక సందేహం అక్కర్లేదు. బంపరును చంపేది ఖాళీగా కొట్టడం. పిన్నులు అయిపోయిన సంగతి చూసుకోకుండా 'టప్ టప్' మని కొడుతుంటే ఆ దెబ్బంతా చెక్కకు బదులు రబ్బరే తింటుంది.

పిన్నులు ఇరుక్కుంటుంటే గేజి చూసుకోండి. ఎఫ్ రకం పిన్ను 18 గేజి, మందం సుమారు 1.25 x 1 మిల్లీమీటరు. తక్కువకు దొరికే పెట్టెల్లో ఈ కొలత అటూ ఇటూ ఉంటుంది. ఇరుక్కున్నదాన్ని ముక్కు బోల్టులు విప్పి పట్టుకారుతో తీయండి. బ్లేడు మీద స్క్రూడ్రైవరు పెట్టి కొట్టకండి.

నీళ్లు, నూనె

నా దగ్గరికొచ్చే గన్నుల్లో ఎక్కువవాటి అసలు రోగం ఇక్కడే ఉంటుంది. కాకినాడ, విశాఖ లాంటి ఊళ్లలో వానాకాలం గాలి తడిగుడ్డలా ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో, 80 శాతం తేమలో ఒక ఘనమీటరు గాలిలో దాదాపు 24 గ్రాముల నీరుంటుంది. 24 లీటర్ల ట్యాంకు ఖాళీ నుంచి 8 బార్ దాకా నిండాలంటే సుమారు 190 లీటర్ల గాలి కావాలి. అది చల్లారేసరికి సుమారు ఒక టీస్పూను నీళ్లు అడుగున చేరతాయి. రోజంతా నడిపితే ఎన్ని స్పూన్లో లెక్కవేసుకోండి. ఆ నీళ్లు పైపు దాటి గన్నులోకి వెళ్లి నూనెను కడిగేస్తాయి, సిలిండరును తుప్పు పట్టిస్తాయి. సాయంత్రం పని ముగిశాక ట్యాంకు కింది కుళాయి తిప్పి, ఎర్రనీళ్లు ఆగేదాకా వదలండి. అర నిమిషం పని.

నూనె విషయంలో, పొద్దున్నే గాలి లోపలికెళ్లే చోట న్యూమాటిక్ టూల్ ఆయిల్ రెండు మూడు చుక్కలు, అంతే. షాపులో ఐఎస్ఓ వీజీ 32 అని అడగండి. బండి ఇంజన్ ఆయిల్ చిక్కన, అందులో కలిపే మందులు ఓరింగులకు పడకపోవచ్చు. కొబ్బరినూనె కొన్నాళ్లకు జిగటగా మారుతుంది. తుప్పు వదిలించే స్ప్రేలు, థిన్నరు, పెట్రోలు రబ్బరును ఉబ్బించవచ్చు, ఉన్న నూనెను కూడా కడిగేస్తాయి. పది చుక్కలు పోసినా తంటానే. మొదటి దెబ్బలకే వెనక రంధ్రంలోంచి తుంపరలు వచ్చి కొత్త లామినేటు మీద మరకలు పడతాయి. నూనె వేశాక నాలుగు పిన్నులు పనికిరాని ముక్కమీద కొట్టి మొదలుపెట్టండి.

కంప్రెసరు పాడైన రోజున పక్క వెల్డింగు షాపు ఆక్సిజన్ సిలిండరుకు గన్ను తగిలిద్దామనే ఆలోచన వస్తే అక్కడే ఆపండి. నూనె తడి ఉన్న చోట ఒత్తిడి ఆక్సిజన్ చేరితే గన్ను చేతిలోనే పేలుతుంది.

ఓరింగు కిట్టు మార్చేటప్పుడు ప్రతి ముక్కనూ తీసిన వరుసలో తెల్ల కాగితం మీద పేర్చి ఫోనులో ఫొటో తీసుకోండి. కొత్త ఓరింగును పొడిగా ఎక్కించకండి, కొంచెం సిలికాన్ గ్రీజు రాయండి. సిలిండర్ లోపల గోరు తగిలేంత గీత ఉందా చూడండి. ఉంటే ఎన్ని ఓరింగులు మార్చినా వారానికొకటి తెగుతుంది. సిలిండరు విడిగా దొరికితే మార్చండి, దొరక్కపోతే ఆ గన్నును ట్రిగ్గరుకు, స్ప్రింగుకు స్పేరుగా ఉంచుకుని కొత్తది కొనండి.