ఫీజు కట్టే ముందు ఒక క్లాసు మొత్తం కూర్చుని చూడండి

మహారాష్ట్రలో ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు మన తెలుగు ఇళ్లలో పిల్ల చదువుకని నాందేడ్‌కో నిజామాబాద్‌కో రోజూ వెళ్లిరావాల్సి వస్తే చాలు, తనను తాను కాపాడుకోవడానికి కరాటే నేర్పిద్దామా, తాలీంకి, అంటే కుస్తీ నేర్పే చోటికి, పంపుదామా అనే చర్చ మొదలవుతుంది. పేరు చూసి ఎంచుకోకండి. ఆ క్లాసులో ఎదుటి మనిషి నిజంగా ఎదురు తిరుగుతాడా లేదా, ముందు అది చూడండి.

చూడటానికి రానివ్వకపోతే ఆ క్లాసు వదిలేయండి. గంటసేపూ వరసలో నిలబడి గాల్లో గుద్దులు, కటాలు (ఎదుట ఎవరూ లేకుండా ఒక వరసలో చేసే కదలికలు), మధ్యలో పెంకులు పగలగొట్టడం, ఇంతే ఉంటే ఒళ్లు చురుగ్గా అవుతుంది, మంచిదే, కానీ ఎవడైనా చెయ్యి పట్టుకుని లాగితే ఏం చేయాలో ఒంటికి తెలియదు. వదలకుండా పట్టుకునే మనిషితో మళ్లీ మళ్లీ పెనుగులాడితేనే అది వస్తుంది. జిగోరో కానో 1882లో జూడో మొదలుపెట్టి, ప్రమాదకరమైన దెబ్బలను పక్కనపెట్టి, రందోరికి పెద్దపీట వేశాడు. ముందే అనుకున్న వరస లేకుండా ఇద్దరూ పూర్తి బలంతో పట్టుకుని పడేసుకునే సాధన అది.

మన దగ్గరి కుస్తీ బలం కూడా ఇదే. నాందేడ్ జిల్లా మాళేగావ్ ఖండోబా జాత్రలో కుస్తీలు చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కుస్తీలో గుద్దులుండవు, బాక్సింగ్‌లో పట్లుండవు. టైక్వాండో పోటీల్లో చేత్తో తలమీద కొట్టకూడదు, అందుకే ముఖం మీదికి గుద్దు వస్తే ఎలా కాచుకోవాలో విడిగా నేర్పిస్తారా అని ఆ సార్‌నే అడగండి. నన్నడిగితే జూడో గానీ కుస్తీ గానీ ముందు, తర్వాత కొన్ని నెలలు బాక్సింగ్.

ఆడపిల్లలైతే తమకంటే బరువున్నవాళ్లతో కూడా, సార్ కళ్లముందే, సాధన చేయాలి. ఇక చాలు అని చేత్తో తట్టగానే ఎదుటివాళ్లు వెంటనే వదిలేస్తున్నారా? లేదంటే అక్కడ చేర్చకండి. కొన్ని చోట్ల అమ్మాయిలను ఒక మూలకు పంపి కటాలే చేయిస్తారు, అది చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది, భయం ఎక్కువున్నవాళ్లకే అసలు సాధన అందడం లేదు.

మూడు రోజుల్లో కత్తి లాక్కోవడం నేర్పిస్తామంటే నమ్మొద్దు. కత్తి కనిపిస్తే ఫోనూ పర్సూ ఇచ్చేసి పరుగెత్తడమే. అరవడం కూడా క్లాసులో సాధన చేయించాలి, ఇక్కడి జనానికి వెంటనే అర్థమయ్యేలా "వాచవా!" అని మరాఠీలోనే. తర్వాత 112కి, రైల్లో అయితే 139కి ఫోన్ చేయాలి.

చట్టం సంగతి కూడా సార్ చెప్పాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 35వ సెక్షన్ మన ఒంటినీ పక్కవాళ్లనీ కాపాడుకునే హక్కు ఇస్తుంది, కానీ కాపాడుకోవడానికి కావలసినంతకు మించి కొట్టకూడదని 37వ సెక్షన్ అంటుంది. పారిపోతున్నవాణ్ణి వెంటపడి కొడితే కేసు మన మీదికే రావచ్చు.

ఏడాది ఫీజు ఒకేసారి అడిగినా ఒప్పుకోకండి, మొదట నెలకు నెల కట్టండి.