పిస్టల్ మ్యాగజైన్ మొరాయిస్తోందా? కంపెనీకి పంపే ముందు ఇవి చూడండి

ఇది అమెరికాలో సొంత పిస్టల్ ఉండి, వారాంతాల్లో షూటింగ్ రేంజ్‌కి వెళ్ళే తెలుగువాళ్ళ కోసం రాస్తున్నాను. పిస్టల్ జామ్ అవ్వగానే చాలామంది తుపాకీనే అనుమానించి, గన్‌షాపుకి తీసుకెళ్ళి విప్పించేస్తారు. చాలాసార్లు తప్పు మ్యాగజైన్‌ది, అంటే తూటాలు నింపి పిస్టల్ పిడిలో పెట్టే డబ్బాది. ఆ తప్పు ఏమిటో తేలకుండా కంపెనీకి పంపితే వాళ్ళు "మా దగ్గర బాగానే పనిచేసింది" అని ఒక చీటీ పెట్టి తిరిగి పంపేస్తారు, మీకు వారాలు వృథా.

ముందు తప్పు ఎవరిదో తేల్చుకోండి

ప్రతి మ్యాగజైన్ అడుగున పెయింట్ పెన్‌తో 1, 2, 3 అని నంబర్లు వేయండి. జామ్ అయిన ప్రతిసారీ ఏ నంబరుతో అయిందో ఫోన్‌లో రాసుకోండి. మిగతావి అదే పెట్టెలోని తూటాలతో చక్కగా నడుస్తూ ఎప్పుడూ 2వ నంబరే ఆగుతుంటే తప్పు దానిదే. అన్నింటితోనూ ఆగుతుంటే మాత్రం మ్యాగజైన్‌ని వదిలేసి ఎక్స్‌ట్రాక్టర్ (పేలిన తూటా తొడుగుని బయటికి లాగే కొక్కెం), రీకాయిల్ స్ప్రింగ్ (పిస్టల్ పైభాగాన్ని తిరిగి ముందుకి నెట్టేది), తూటాల బ్రాండ్ వైపు చూడండి.

ఇంట్లో పరీక్షించేటప్పుడు ఆ గదిలో పేలే తూటా ఒక్కటి కూడా ఉండకూడదు, డమ్మీ రౌండ్లే (మందు లేని నకిలీ తూటాలు) వాడండి. ఈ విషయంలో మొహమాటం, బద్ధకం రెండూ వద్దు.

ఆఖరి తూటా పేలాక స్లైడ్ వెనక్కి ఆగడం లేదు

పిస్టల్ పైన ప్రతి కాల్పుకీ వెనక్కీ ముందుకీ జరిగే భాగం స్లైడ్, మ్యాగజైన్ ఖాళీ అయ్యాక దాన్ని వెనకే ఆపి ఉంచే మీట స్లైడ్ స్టాప్. ముందు మీ బొటనవేలు చూసుకోండి. అది స్లైడ్ స్టాప్ మీద ఆనుకుని ఉంటే స్లైడ్ ఆగదు, దానికి మ్యాగజైన్‌ని తిట్టి లాభం లేదు. వేలు పక్కకి జరిపినా అంతే అయితే స్ప్రింగ్ బలం తగ్గి ఉండాలి, లేదా ఫాలోవర్ (స్ప్రింగ్ మీద కూర్చుని తూటాల్ని పైకి నెట్టే పలక) అంచు, అంటే స్లైడ్ స్టాప్‌ని పైకి నెట్టే చోటు, అరిగి ఉండాలి. రెండూ విడిగా దొరికే చవక భాగాలే. కంపెనీకి మెయిల్ పెడితే చాలు, మ్యాగజైన్ పంపక్కర్లేదు. నింపి ఉంచితే స్ప్రింగ్ పాడైపోతుందని చాలామంది భయపడతారు కానీ, దాన్ని ఎక్కువగా అరగదీసేది పదేపదే నింపి ఖాళీ చేయడం.

తూటా మొన కిందికి వాలి గుద్దుకుంటోంది

బలం తగ్గిన స్ప్రింగ్ ఇక్కడా కారణం కావచ్చు, కానీ నేను మొదట అడిగేది "ఈమధ్య విప్పి శుభ్రం చేశారా?" అని, ఎందుకంటే స్ప్రింగ్‌ని ముందువెనకలుగా తిప్పి పెట్టేయడం మామూలుగా జరిగే పని. విప్పే ముందు ఫోటో తీసుకోండి, కళ్ళద్దాలు పెట్టుకోండి, బేస్ ప్లేట్ (అడుగు మూత) జరుపుతూనే స్ప్రింగ్‌ని బొటనవేలితో అదిమి పట్టుకోండి, లేకపోతే అది ఎగిరి ముఖానికే వస్తుంది. లోపల ఆయిల్ వేయకండి, మసీ దుమ్మూ దానికే అంటుకుంటాయి, పొడి గుడ్డతో తుడిస్తే చాలు. ఫాలోవర్‌ని వేలితో కిందికి నొక్కి వదిలినప్పుడు ఎక్కడైనా పట్టేస్తుంటే మ్యాగజైన్ గొట్టం బయట ఆ చోట సొట్ట ఉందేమో చూడండి. ఉక్కు గొట్టానికి సొట్ట పడితే ఆ మ్యాగజైన్ కంపెనీకి పోవలసిందే.

రెండు తూటాలు ఒకేసారి వస్తున్నాయి, మ్యాగజైన్ కింద పడితే పై తూటాలు ఊడిపోతున్నాయి

అసలైన డ్యామేజీ అంటే ఇదే. పైన తూటాని పట్టుకుని ఉంచే రెండు అంచుల్ని ఫీడ్ లిప్స్ అంటారు. నిండు మ్యాగజైన్ సిమెంటు నేల మీద తలకిందులుగా పడితే ఆ అంచులు విచ్చుకుంటాయి, లేదా సన్నగా పగులుతాయి. అదే మోడల్ కొత్త మ్యాగజైన్‌ పక్కన పెట్టి రెండింటి లిప్స్ మధ్య దూరాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. మూలల్లో వెంట్రుక లాంటి పగులు ఉందేమో టార్చి వేసి చూడండి.

దయచేసి పటకారు తీయకండి. వీడియోలు చూసి వంచేవాళ్ళు ఉన్నారు, ఆ రోజుకి పనిచేస్తుంది కూడా. కానీ ఆ ఉక్కు వేడిచేసి గట్టిపరచినది, ఒకసారి విచ్చుకున్నదాన్ని మళ్ళీ వంచితే ఆ మడత దగ్గరే పగులుతుంది, పైగా మీ పటకారు గాట్లు చూశాక కంపెనీ చేతులు దులుపుకుంటుంది. ఆత్మరక్షణ కోసం ఉంచుకున్న పిస్టల్‌లో అలాంటిది పెట్టడం నాకు అస్సలు నచ్చదు.

మ్యాగజైన్ బయటికి జారి పడదు, లేదా దానంతటదే ఊడిపోతుంది

గ్లాక్ అనే పిస్టల్ కంపెనీ పాత మ్యాగజైన్లలో కొన్నింటికి లోపలి ఉక్కు తొడుగు నాలుగు వైపులా ఉండదు, నింపితే ఉబ్బి ఇరుక్కుంటాయి. అది వాటి తీరు, డ్యామేజీ కాదు. దానంతటదే ఊడిపోతుంటే పక్కనున్న క్యాచ్ గాడి (పిస్టల్ దాన్ని పట్టి ఉంచే చోటు) గుండ్రంగా అరిగిందేమో చూడండి. అరిగితే కొత్తది కొనుక్కోవడమే. బేస్ ప్లేట్ పగలడం మాత్రం చిన్న విషయం, పోస్టులో వచ్చే భాగంతో అయిపోతుంది.

కంపెనీకి ఎలా పంపాలి

కంపెనీ రిపేరు అంటే చాలావరకు మార్పిడే, లిప్స్ సరిచేసి ఇచ్చేవాళ్ళు అరుదు. అందుకే 30 డాలర్ల చుట్టుపక్కల దొరికే గ్లాక్ మ్యాగజైన్‌ కోసం నేనైతే వారాలు ఎదురుచూడను. తయారీ ఆగిపోయిన మోడలో, ఖరీదైనదో, కొని కొద్ది నెలలే అయినదో అయితే తప్పకుండా అడగండి.

చెప్పకుండా పార్సిల్ పంపొద్దు. మొదట మెయిల్ రాయండి: పిస్టల్ మోడల్, కాలిబర్, సీరియల్ నంబరు, మ్యాగజైన్‌లో ఎన్ని రౌండ్లు పడతాయి, దాని మీద ముద్రించి ఉన్న అక్షరాలు, వాడిన తూటాల బ్రాండ్, బరువు, ఏ రౌండ్ దగ్గర ఆగుతోంది. "సరిగ్గా పనిచేయడం లేదు" అని రాస్తే వాళ్ళకేం అర్థమవుతుంది? లిప్స్‌ని పైనుంచీ పక్కనుంచీ తీసిన ఫోటోలు జతచేయండి. రీలోడ్ తూటాలు (పేలిన తొడుగుల్ని మళ్ళీ నింపినవి) వాడితే బాధ్యత లేదని చాలా కంపెనీలు ముందే రాసుకుంటాయి, కాబట్టి ఫ్యాక్టరీలో చేసిన కొత్త తూటాలతో జామ్ అయిందా లేదా అన్నది చూసుకుని రాయండి. మ్యాగజైన్ వేరే కంపెనీది అయితే పిస్టల్ తయారీదారుని అడిగి లాభం లేదు, దాన్ని చేసినవాళ్ళనే అడగాలి.

వాళ్ళు రిటర్న్ నంబరు ఇచ్చాక, బయట కొని తగిలించిన బేస్ ప్యాడ్, స్ప్రింగ్ తీసేసి అసలువి పెట్టి పంపండి. ఫెడరల్ చట్టంలో మ్యాగజైన్ తుపాకీ కిందికి రాదు, కాబట్టి డీలర్ అవసరం లేకుండా మీరే పోస్టు చేయొచ్చు. కానీ పోస్టులో తూటాలు నిషిద్ధం, మ్యాగజైన్ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూడండి. వాళ్ళు అడిగితే తప్ప పిస్టల్‌ని పంపొద్దు, దానికి నియమాలు వేరు.

అసలు చిక్కు రాష్ట్ర చట్టంతో. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీల్లో ఒక మ్యాగజైన్‌కి పరిమితి 10 రౌండ్లు, కొలరాడోలో 15. డాలస్‌లో ఉన్నప్పుడు కొన్న 17 రౌండ్ల మ్యాగజైన్‌ని న్యూజెర్సీలోని ఎడిసన్‌కి మారాక రిపేరుకి పంపుదాం అనుకుంటే రిపేరు సంగతి తర్వాత, అది మీ దగ్గర ఉండటమే నేరం. పరిమితి ఉన్న రాష్ట్రానికి కంపెనీ ఏం తిరిగి పంపుతుందో మెయిల్‌లో రాయించుకోండి. హెచ్-1బి, ఎఫ్-1 మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడానికి ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి, కాబట్టి వాళ్ళతో పరీక్షలు చేయించకండి. ఇండియా వెళ్ళే ముందు రేంజ్ బ్యాగ్ పూర్తిగా దులిపి చూడండి, అక్కడ ఆయుధాల చట్టం కింద విడిభాగాలు కూడా ఆయుధాలే.

కొత్తది వచ్చాక దానికీ ఒక నంబరు వేసి, రేంజ్‌లో పూర్తిగా నింపి కొన్నిసార్లు ఖాళీ చేసి, ప్రతిసారీ స్లైడ్ ఆగుతోందో లేదో చూసుకున్నాకే ఇంట్లో ఉంచే పిస్టల్‌లో పెట్టండి.