ఫోను సాయంతో ఇంటి కరెంటు వాడకం తగ్గించుకోవడం ఎలా?

కరెంటు ఆదా చేయాలనుకునేవారిలో చాలామంది మొదట స్మార్ట్ బల్బులు కొంటారు. కానీ 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రోజుకు ఐదు గంటలు వెలిగినా నెలకు ఒకటిన్నర యూనిట్లయినా కాలదు కాబట్టి, అక్కడ మిగిలేది చాలా తక్కువ. ఏ పరికరం ఎంత తీసుకుంటోందో ముందుగా కొలవండి. కొనుగోళ్ల సంగతి ఆ తర్వాత చూడవచ్చు.

మొదటి పని: మీటరు రీడింగు

ప్రతిరోజూ ఒకే సమయానికి ఫోనుతో మీటరును ఫొటో తీయండి. డిజిటల్ మీటరు తెరపై అంకెలు మారుతూ ఉంటాయి. ‘కేడబ్ల్యూహెచ్’ (kWh, అంటే యూనిట్లు) గుర్తుతో కనిపించే మొత్తం రీడింగే మనకు కావలసింది. దాన్ని గూగుల్ షీట్స్‌లో తేదీ పక్కన రాసి, అందులోంచి నిన్నటి రీడింగును తీసివేస్తే ఒక రోజు వాడకం తెలుస్తుంది. బిల్లు తీసిన రోజు రీడింగును మాత్రం తప్పక విడిగా రాసుకోండి, ఎందుకంటే శ్లాబు (నెల వాడకాన్ని బట్టి యూనిట్ ధర మారే అంచె) లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.

ఈ లెక్క ఎంత విలువైనదో చూడండి. తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన గృహ టారిఫ్ ప్రకారం, నెలకు 200 యూనిట్లు వాడితే మొదటి వందకు 3.40 చొప్పున, రెండో వందకు 4.80 చొప్పున ఎనర్జీ చార్జీ (కాలిన యూనిట్లకు కట్టే ధర) 820 రూపాయలవుతుంది. 201వ యూనిట్ కాలగానే మొదటి 200 యూనిట్లకూ 5.10 చొప్పున లెక్కగట్టి, పైదానికి 7.70 కలుపుతారు గనుక అది 1,027 రూపాయల 70 పైసలకు చేరుతుంది. ఒక్క యూనిట్‌కు రెండు వందలకు పైగా భారం! 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకంలోని కుటుంబాలైతే 200 దాటిన నెలలో బిల్లు మొత్తం కట్టవలసి వస్తుంది. అందుకే ఇరవయ్యో రోజుకు వాడకం 133 యూనిట్లు దాటిందంటే, మిగిలిన పది రోజులూ జాగ్రత్త పడాలి.

రెండో పని: మీటరు లైటును లెక్కించడం

మీటరు మీద ఒక చిన్న లైటు మిణుకుతూ ఉంటుంది. యూనిట్‌కు అది ఎన్నిసార్లు వెలుగుతుందో (ఉదాహరణకు 3,200) మీటరు పైనే అచ్చువేసి ఉంటుంది. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి ఒక నిమిషంలో ఎన్నిసార్లు వెలిగిందో లెక్కించి, 60తో గుణించి 3,200తో భాగిస్తే ఆ క్షణంలో ఇంటి లోడు కిలోవాట్లలో వస్తుంది. పదహారుసార్లు వెలిగితే 300 వాట్లన్నమాట. పడుకునే ముందు అన్నీ ఆపేశాక కూడా లైటు చురుగ్గా మిణుకుతుంటే, ఏదో పరికరం నడుస్తూనే ఉందని అర్థం. పైసా ఖర్చులేని ఈ పరీక్షను ప్రతి ఇంట్లోనూ చేసి తీరాలి.

మూడో పని: స్మార్ట్ ప్లగ్

సాకెట్‌కూ పరికరానికీ మధ్య పెట్టి, ఫోను యాప్‌తో నడిపే ప్లగ్‌ను స్మార్ట్ ప్లగ్ అంటారు. వాడకాన్ని కొలిచే స్మార్ట్ ప్లగ్ ఒక్కటి కొని, దాన్నే ఒక్కో పరికరానికి మార్చి మార్చి తగిలించండి. గీజర్‌కు 16 ఆంపియర్ల ప్లగ్ తప్పనిసరి. ఫ్రిజ్ కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది కాబట్టి దాన్ని పూర్తిగా ఒక రోజు కొలవాలి. టైమర్ పెట్టి ఫ్రిజ్‌ను మాత్రం ఆపవద్దు. టీవీ ఆపినా సెట్‌టాప్ బాక్స్ 10 వాట్లు తీసుకుంటున్నట్టు తేలితే, నెలంతా కలిపి ఏడు యూనిట్లు వృథా అయినట్టే. ప్లగ్‌కు రాత్రి వేళ టైమర్ పెడితే అందులో కొంత భాగం మిగులుతుంది.

నాలుగో పని: గీజర్, ఏసీలకు సమయం

పదిహేను లీటర్ల, 2,000 వాట్ల గీజర్‌లో నీళ్లు స్నానానికి సరిపడా వేడెక్కడానికి సుమారు 20 నిమిషాలు చాలు. స్నానానికి అంత ముందుగా ఆన్ అయ్యి, తనంతట తానే ఆగిపోయేలా యాప్‌లో సమయం పెట్టండి. ఏసీ విషయంలో, ఒక్కో డిగ్రీ పెంచినప్పుడు సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. వైఫై ఏసీ అయితే పడుకునేటప్పుడు 24, అర్ధరాత్రి దాటాక 26 డిగ్రీలు ఉండేలా యాప్‌లో అమర్చి, ఫ్యాను నెమ్మదిగా తిరగనివ్వండి.

ఈ మార్పులన్నీ ఒకేసారి చేయకుండా వారానికొకటి చొప్పున చేస్తే, దేనివల్ల ఎన్ని యూనిట్లు తగ్గాయో షీటులో స్పష్టంగా కనిపిస్తుంది.